ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ప్యాన్‌కు డ్రెయిన్ ప్లగ్, టెంపరేచర్ సెన్సర్ అమర్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే బోల్టు) లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ప్యాన్‌ను, అంటే అడుగున ఆయిల్ నిలిచే పళ్లేన్ని, బండి కింద పడుకుని ఒక్కసారైనా విప్పినవాళ్లకు ఆ పని ఎలా ఉంటుందో తెలుసు. ఒక వైపు బోల్టులు వదులు చేస్తే ప్యాన్ ఆ వైపుకు వాలుతుంది. గ్యాస్కెట్ పట్టు వదిలిన క్షణంలో నాలుగైదు లీటర్ల ఎర్రటి ఆయిల్ అంచు మీదుగా ఒక్కసారిగా పొర్లుతుంది. కింద పెట్టిన తొట్టిలో పడేది కొంతే. మిగతాది మోచేతుల మీదుగా, నేల మీదకు పోతుంది. బండి కాసేపు నడిచి ఉంటే చేతులు కాలడం కూడా ఖాయం.

గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయడానికి ఈ రొచ్చే పెద్ద కారణమని నా నమ్మకం. ఇంజన్ ఆయిల్ లాగా ఒక బోల్టు విప్పితే దిగిపోయేదైతే ఎవరూ అంత బద్ధకించరు. రెండో సంగతి వేడి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయుష్షు తీసేవాటిలో వేడిది పెద్ద వాటా. అయినా చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపే ముల్లు ఉంటుంది కానీ, గేర్‌బాక్స్ వేడి చూపేది ఏదీ ఉండదు. హెచ్చరిక లైటు ఉన్నా, అది వెలిగేసరికి ఆయిల్ సగం పాడై ఉంటుంది.

ఈ రెండు కొరతలూ ఒకే రేకు ముక్క దగ్గర తీరతాయి. ప్యాన్ ఎలాగూ కిందికి దిగుతుంది కాబట్టి, దిగినప్పుడే ఒక డ్రెయిన్ ప్లగ్, ఒక సెన్సర్ బంగ్ వేయించుకుంటే సరిపోతుంది. బంగ్ అంటే లోపల థ్రెడ్ ఉన్న మందపాటి ఉక్కు ఉంగరం. ప్యాన్‌కు చిల్లు చేసి దీన్ని వెల్డింగ్‌తో అతికిస్తారు. వినడానికి వెల్డింగ్ పనిలా ఉంటుంది కానీ, ఇందులో గెలుపోటములు తేల్చేది వెల్డింగ్ కాదు. బంగ్ ఎక్కడ పెట్టారు, పని అయ్యాక ప్యాన్‌ను ఎంత శుభ్రం చేశారు అన్న రెండు విషయాలే. ఈ రెండింటి దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను.

మీ ప్యాన్ ఏ రకమో ముందు చూడండి

అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే ఉక్కు రేకు. ఈ మార్గదర్శి ముఖ్యంగా దాని కోసమే. ఇలాంటి ప్యాన్ల రేకు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఇంత పల్చటి రేకుకు నేరుగా ట్యాప్ కొట్టి థ్రెడ్ తీస్తే రెండు చుట్లు కూడా దక్కవు. అందుకే బంగ్ కావాలి.

పోత పోసిన అల్యూమినియం ప్యాన్ అయితే ఒక్కోసారి పని తేలిక. చాలావాటిలో ఎక్కడో ఒక చోట మందపాటి దిమ్మ ఉంటుంది. అక్కడ తగినంత లోతు ఉంటే డ్రిల్ వేసి నేరుగా ట్యాప్ కొట్టుకోవచ్చు. అల్యూమినియానికి వెల్డింగ్ చేయించాలనుకుంటే మాత్రం అనుభవం ఉన్న టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో చేసే సున్నితమైన వెల్డింగ్) వెల్డర్ దగ్గరకే వెళ్లండి. ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో నానిన పోత లోహం సూక్ష్మ రంధ్రాల్లో ఆయిల్‌ను దాచుకుంటుంది. వెల్డింగ్ వేడికి అది బుడగలుగా బయటికొచ్చి అతుకును జల్లెడ చేస్తుంది.

ప్లాస్టిక్ ప్యాన్ అయితే దాని జోలికి వెళ్లొద్దు. జెడ్‌ఎఫ్ 6హెచ్‌పీ, 8హెచ్‌పీ లాంటి గేర్‌బాక్సుల్లో ప్యాన్, ఫిల్టర్ కలిపి ఒకే ప్లాస్టిక్ భాగంగా వస్తాయి. వాటిలో చాలావాటికి డ్రెయిన్ ప్లగ్ ముందే ఉంటుంది. టెంపరేచర్ చూడాలంటే కూలర్ పైపు మధ్యలో సెన్సర్ అడాప్టర్ పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న గేర్‌బాక్సుల్లో చాలావరకు లోపలే ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద చూపకపోయినా, ఓబీడీ పోర్టుకు (బండి లోపాలు చదివే సాకెట్‌కు) తగిన స్కానర్ పెడితే ఆ అంకె దొరుకుతుంది. మీ బండికి అది దొరికితే రెండో చిల్లు అవసరం లేదు, డ్రెయిన్ ప్లగ్ ఒక్కటి చాలు. పాత హైడ్రాలిక్ గేర్‌బాక్సులకు, బరువులు లాగే బండ్లకు, కళ్ల ముందు ఎప్పుడూ ఒక ముల్లు కనబడాలనుకునేవాళ్లకు విడి సెన్సర్ పెట్టుకోవడం న్యాయం. వారంటీ ఇంకా ఉన్న బండి అయితే అసలు ప్యాన్‌ను పక్కన భద్రపరిచి, పాత ప్యాన్ ఒకటి సంపాదించి దాని మీద ఈ పని చేయండి. బండి ఆగకుండా తీరిగ్గా చేసుకునే సౌకర్యం కూడా అందులో ఉంది.

కావలసిన భాగాలు

డ్రెయిన్‌కు ఎం12 లేదా ఎం14 సైజు, 1.5 పిచ్ (థ్రెడ్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) ఉన్న ఉక్కు బంగ్, దానికి సరిపోయే ప్లగ్, రాగి లేదా అల్యూమినియం వాషర్. కొనేటప్పుడు కొసకు అయస్కాంతం ఉన్న ప్లగ్ తీసుకోండి. సెన్సర్ థ్రెడ్‌కు సరిపోయే ఇంకో బంగ్. కొత్త గ్యాస్కెట్, కొత్త ఫిల్టర్, మీ గేర్‌బాక్స్‌కు మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్. డెక్స్‌రాన్, మెర్కాన్, ఏటీఎఫ్ ప్లస్ 4, డబ్ల్యూఎస్ అన్న ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) రకాలు ఒకదానికి బదులు ఒకటి పోసుకునేవి కావు. రంగు ఒకటే కదా అని కలిపితే క్లచ్ ప్లేట్ల పట్టు మారిపోతుంది.

సెన్సర్ కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది థ్రెడ్. గేజ్‌లతో వచ్చే సెన్సర్లు ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు థ్రెడ్) లేదా ఎం10, 1.0 పిచ్‌లో ఉంటాయి. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎన్‌పీటీకి అంగుళానికి 27 థ్రెడ్లు, పైగా మొన వైపు సన్నబడుతుంది. ఎం10కు అంగుళానికి దాదాపు 25, నిటారుగా ఉంటుంది. ఒకదానిలో ఇంకొకటి రెండు చుట్లు చక్కగా ఎక్కి ఆ తర్వాత బిగుస్తుంది. అక్కడ బలం పెడితే రెండూ పాడవుతాయి. కాబట్టి థ్రెడ్ గేజ్‌తో కొలిచాకే బంగ్ కొనండి. రెండోది, సెన్సర్, గేజ్ జతగానే కొనండి. ఈ సెన్సర్లలో చాలావరకు వేడి పెరిగే కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే రకం. ఎంత వేడికి ఎంత నిరోధం అన్నది తయారీదారును బట్టి మారుతుంది. ఒకరి సెన్సర్‌ను ఇంకొకరి గేజ్‌కు కలిపితే ముల్లు కదులుతుంది కానీ చెప్పేది అబద్ధం.

మొదటి మెట్టు: ప్యాన్ దించడం

ఈ రొచ్చు ఇదే చివరిసారి కాబట్టి ఓపిక పట్టండి. బండిని చదునైన గట్టి నేల మీద, స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకు దూరొద్దు. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు, మరిగేంత వేడి వద్దు. ప్యాన్ కంటే వెడల్పైన తొట్టి కింద పెట్టండి. ఒక మూలన రెండు బోల్టులు సగం వరకు వదులు చేసి వదిలేయండి. మిగతావన్నీ తీస్తూ వస్తే ప్యాన్ ఎదురు మూల వైపు నెమ్మదిగా వాలి అక్కడి నుంచే కారుతుంది. అతుక్కుపోయి ఉంటే రబ్బరు సుత్తితో పక్క నుంచి తట్టండి. గేర్‌బాక్స్ అంచుకు, ప్యాన్‌కు మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. అక్కడ పడే గీత జీవితాంతం కారుతుంది.

తీసిన ఆయిల్‌ను కొలత ఉన్న డబ్బాలో పోసి ఎన్ని లీటర్లో రాసి పెట్టుకోండి. మళ్లీ పోసేటప్పుడు అదే ఆధారం.

ప్యాన్ అడుగున ఉన్న అయస్కాంతాన్ని తుడిచే ముందు కాసేపు చూడండి. దాని మీద నల్లటి మెత్తటి పేస్టు పల్చగా ఉండటం మామూలే. అది మామూలు అరుగుదల. వేళ్లకు గుచ్చుకునే ముక్కలు, మెరిసే ఇత్తడి పొడి, మందంగా పేరుకున్న క్లచ్ పొడి కనిపిస్తే లోపల వేరే జబ్బు ఉంది. అప్పుడు ఈ మార్పులకు పెట్టే శ్రమ ముందు గేర్‌బాక్స్ పరీక్షకు పెట్టండి.

రెండో మెట్టు: చోటు ఎంచుకోవడం

నేను మొదటిసారి చేసినప్పుడు ప్యాన్‌ను బల్ల మీద పెట్టి, అన్నిటికంటే లోతుగా కనిపించిన చోట డ్రెయిన్ బంగ్ పెట్టాను. లోపలి వైపు అది ఏడెనిమిది మిల్లీమీటర్లు పైకి పొడుచుకు వచ్చింది. బిగించి, ఆయిల్ పోసి బండి తీస్తే, చల్లగా ఉన్నప్పుడు పంపు సన్నగా కూత పెట్టడం మొదలుపెట్టింది. మళ్లీ విప్పి చూస్తే ఫిల్టర్ అడుగున బంగ్ గుండ్రటి అచ్చు పడి ఉంది. ఫిల్టర్ ఆయిల్ పీల్చుకునే నోటిని సరిగ్గా నేనే మూసేశాను. ఒక సెట్ గ్యాస్కెట్, నాలుగు లీటర్ల ఆయిల్, రెండు రోజులు పోయాయి. గేర్‌బాక్స్‌కు ఏమీ కాకపోవడం అదృష్టం.

అప్పటి నుంచి మట్టి పరీక్ష చేయకుండా ఏ ప్యాన్‌కూ చిల్లు వేయలేదు. పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి తీసుకుని చిన్న చిన్న గోపురాల్లా చేసి ప్యాన్ లోపల మీరు అనుకున్న చోట్ల అంటించండి. కొత్త ఫిల్టర్ దాని స్థానంలో ఉండాలి. పాత గ్యాస్కెట్‌తో ప్యాన్‌ను పైకి ఎత్తి నాలుగు మూలల బోల్టులు మామూలుగా బిగించి, మళ్లీ దించండి. నొక్కుకుపోయిన మట్టి ఎంత మందం మిగిలిందో కొలిస్తే, అక్కడ లోపల ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. డ్రెయిన్ బంగ్‌కు లోపల ఏమీ పొడుచుకు రాకపోయినా, అయస్కాంతపు ప్లగ్ కొస వస్తుంది కదా. దానికి పైన కనీసం ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. సెన్సర్ మొన చుట్టూ అంతకంటే ఎక్కువ కావాలి. పరీక్ష అయ్యాక పైన ఎక్కడా మట్టి అంటుకోలేదని చూసుకోండి.

ఇక బయటి వైపు. లోతు అంటే బల్ల మీద కనిపించే లోతు కాదు, బండిలో బిగించాక ఉండే లోతు. చాలా గేర్‌బాక్సులు కాస్త వెనక్కి వాలి ఉంటాయి. అందుకే ప్యాన్ దించే ముందే స్పిరిట్ లెవెల్ పెట్టి ఏ మూల కిందకు ఉందో గుర్తు పెట్టుకోండి. డ్రెయిన్ ప్లగ్‌కు నాకు నచ్చిన చోటు వెనక గోడలో, అది అడుగును కలిసే దగ్గర. అక్కడ ప్లగ్ వెనక్కి చూస్తుంది, నేలకు వేలాడదు. రాయి తగిలినా, స్పీడ్ బ్రేకర్ గీసుకున్నా ముందు ప్యాన్ అడుగు తగులుతుంది కానీ ప్లగ్ విరగదు. అడుగునే పెట్టక తప్పకపోతే ప్లగ్ తల పల్చగా ఉన్నది, లోపలికి అలెన్ కీ పట్టేది ఎంచుకోండి.

సెన్సర్ సంగతి వేరు. అది ఎప్పుడూ ఆయిల్‌లో మునిగి ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ప్యాన్‌లో ఆయిల్ ఎత్తుగా ఉంటుంది. ఇంజన్ తిరగగానే పంపు దాన్ని టార్క్ కన్వర్టర్‌లోకి (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), వాల్వ్ బాడీలోకి (ఆయిల్ దారులు మార్చి గేర్లు వేసే భాగం), కూలర్‌లోకి తోస్తుంది, ప్యాన్‌లో మట్టం పడిపోతుంది. పైగా బ్రేకు వేస్తే ముందుకు, ఎక్సలేటర్ తొక్కితే వెనక్కి పోతుంది. కాబట్టి సెన్సర్‌ను పక్క గోడలో, పొడవు మధ్యకు దగ్గరగా, ప్యాన్ లోతులో కింది సగంలో పెట్టండి. అడుగుకు మరీ అంటుకుని కాదు, అక్కడ బురద పేరుకుంటుంది. సైలెన్సర్ పైపు ఏ వైపు వెళుతుందో చూసి దానికి ఎదురు వైపు గోడ ఎంచుకోండి. గేర్ లివర్ లింకేజీ, క్రాస్ మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్ట్ వంటివి సెన్సర్‌కూ దాని వైరుకూ తగలకూడదు. స్పానర్ తిరిగేంత చోటు ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

ఇంకొక చిన్న విషయం, కానీ కొలత తప్పడానికి ఇదే తరచుగా కారణం. బంగ్ పొడవుగా, సెన్సర్ పొట్టిగా ఉంటే మొన బంగ్ గొట్టంలోనే దాక్కుంటుంది. అక్కడ ఆయిల్ కదలదు, బయటి గాలికి చల్లబడుతుంది కూడా. మీటరు అసలు వేడి కంటే తక్కువ చూపి మిమ్మల్ని నిశ్చింతగా ఉంచుతుంది. పొట్టి బంగ్ తీసుకుని, మొన కనీసం పది మిల్లీమీటర్లు ఆయిల్‌లోకి చొచ్చుకొచ్చేలా చూడండి.

మూడో మెట్టు: చిల్లు

ప్యాన్ నుంచి అయస్కాంతం తీసి దూరంగా పెట్టండి. వెల్డింగ్ వేడికి దాని శక్తి పోతుంది, పైగా దగ్గరలో ఉంటే ఆర్క్‌ను పక్కకు లాగుతుంది. ప్యాన్‌ను వేడి సబ్బు నీళ్లతో ఆయిల్ జిడ్డు పూర్తిగా పోయేదాకా కడిగి ఆరబెట్టండి.

బంగ్ బయటి వ్యాసం కొలిచి, సెంటర్ పంచ్‌తో గుర్తు వేసి, ముందు మూడు మిల్లీమీటర్ల డ్రిల్‌తో దారి చేసి, తర్వాత స్టెప్ డ్రిల్‌తో పెంచండి. మామూలు పెద్ద డ్రిల్ బిట్ పల్చటి రేకును పట్టి మెలిపెడుతుంది, చిల్లు మూడు మూలలుగా వస్తుంది. స్టెప్ డ్రిల్ గుండ్రంగా తీస్తుంది. బంగ్ చేత్తో నొక్కితే దూరేంత బిగువు చాలు. రెండు వైపులా అంచు ముళ్లను ఆకురాయితో పూర్తిగా తీసేయండి.

నాలుగో మెట్టు: వెల్డింగ్

ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక ముందు. బ్రేక్ క్లీనర్ స్ప్రేలలో కొన్ని క్లోరిన్ ఉన్న ద్రావకాలతో తయారవుతాయి. వాటితో తుడిచిన లోహం మీద వెల్డింగ్ చేస్తే ఆర్క్ వేడికి, అతినీలలోహిత కాంతికి అవి విడిపోయి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్ది మోతాదు కూడా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, మనిషి చనిపోవచ్చు. వెల్డింగ్ చేయబోయే దేన్నీ బ్రేక్ క్లీనర్‌తో తుడవకండి. సబ్బు నీళ్లు, తర్వాత అసిటోన్, అది పూర్తిగా ఆరాకే ఆర్క్. ప్యాన్‌కు జింక్ పూత ఉంటే అతుకు చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర గ్రైండ్ చేసి తీసేయండి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ప్యాన్ బండికి ఉండగా వెల్డింగ్ చేయడం అన్న ఆలోచనే వద్దు. పైన ఆయిల్, పక్కన ఇంధనపు పైపులు, బండి నిండా ఎలక్ట్రానిక్స్ ఉంటాయి.

పల్చటి రేకుకు మందపాటి బంగ్ అతికించడంలో కష్టం ఏమిటంటే, బంగ్ వేడెక్కేలోపు రేకు కరిగి చిల్లు పడుతుంది. అందుకే ఆర్క్‌ను ఎక్కువసేపు బంగ్ మీద నిలిపి, అక్కడ కరిగిన లోహాన్ని రేకు మీదకు తీసుకురావాలి. టిగ్ అయితే మేలు. మిగ్ (వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్) అయితే 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల వైరుతో, గడియారంలో పన్నెండు, ఆరు, మూడు, తొమ్మిది దగ్గర చుక్కలు పెట్టి, వాటి మధ్య చిన్న చిన్న కుట్లుగా ఎదురెదురు వైపుల నుంచి పూర్తి చేయండి. ఒకే ఊపున చుట్టూ తిప్పితే ప్యాన్ మెలి తిరుగుతుంది. ప్యాన్ అంచును మందపాటి చదునైన ఇనుప పలకకు క్లాంపులతో బిగించి చేస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. బంగ్ థ్రెడ్‌లో పాత ఇత్తడి ప్లగ్ ఒకటి ఎక్కించి ఉంచండి. వేడికి థ్రెడ్ వంకరపోదు, చిందే లోహం లోపల అంటుకోదు.

డ్రెయిన్ బంగ్‌కు వెల్డింగ్ బయటి నుంచే చేయించండి. లోపలి ముఖం ప్యాన్ అడుగుతో సమంగా, వీలైతే వెంట్రుకవాసి కిందగా ఉండాలి. లోపల వెల్డింగ్ చేస్తే ఆ గట్టు వెనక అర లీటరు ఆయిల్, దానితో పాటు బురద నిలిచిపోతాయి.

వెల్డింగ్ సౌకర్యం లేనివాళ్ల కోసం నట్టు, వాషర్లతో బిగించుకునే డ్రెయిన్ కిట్లు దొరుకుతాయి. అవి పనిచేస్తాయి, కాదనను. కానీ లోపల నట్టు ఎత్తు మేర ఆయిల్ మిగిలిపోతుంది, కొన్నేళ్లకు వాషర్ గట్టిపడి చెమ్మ కారడం మొదలవుతుంది, విప్పేటప్పుడు మొత్తం అమరిక తిరిగిపోయే ప్రమాదం ఉంది. వెల్డింగ్ షాపులో పది నిమిషాల పనికి బదులుగా ఇన్ని తలనొప్పులు నాకు గిట్టుబాటుగా అనిపించవు.

ఐదో మెట్టు: కారుతుందా, వంగిందా

చల్లారాక ప్లగ్, సెన్సర్ బిగించి పరీక్షించండి. నీళ్లు సన్న రంధ్రాలను పట్టించవు. అతుకు బయటి వైపు సుద్ద రుద్ది తెల్లగా చేసి, లోపల కిరోసిన్ పోసి అరగంట వదిలేయండి. కంటికి కనబడని రంధ్రం ఉన్నా కిరోసిన్ దాన్ని వెతుక్కుని వచ్చి సుద్ద మీద తడి మచ్చ వేస్తుంది. మచ్చ పడితే అక్కడ గ్రైండ్ చేసి మళ్లీ అతికించాలి. అయితే దానికి ముందు కిరోసిన్ చుక్క కూడా లేకుండా కడిగి ఆరబెట్టాలి.

తర్వాత అంచు. పాత ప్యాన్లలో బోల్టులు అతిగా బిగించిన చోట్ల రేకు లోపలికి సొట్టపడి ఉంటుంది. గ్యాస్కెట్ మార్చినా కారడానికి కారణం చాలాసార్లు ఇదే. అంచును చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక్కో బోల్టు చిల్లు చుట్టూ మెల్లగా తట్టి సమం చేయండి. ఉక్కు స్కేలు నిలబెట్టి చూస్తే కింద నుంచి వెలుగు కనబడకూడదు.

ఆఖరి శుభ్రత గురించి ఎంత చెప్పినా తక్కువే. వాల్వ్ బాడీలోని వాల్వులు మిల్లీమీటరులో వందో వంతు లెక్కన సందు వదిలి కూర్చుంటాయి. డ్రిల్లింగ్‌లో మిగిలిన ఒక్క రవ్వ ఇనుప రజను అందులో ఇరుక్కుంటే గేరు మారడం ఆగిపోతుంది. బంగ్ చుట్టూ వైరు బ్రష్ కొట్టి, వేడి సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, గాలి కొట్టి, చివరికి పీచు రాలని తెల్ల గుడ్డకు కొత్త ఏటీఎఫ్ అద్ది లోపలంతా తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు కనబడినంతసేపు మళ్లీ తుడుస్తూనే ఉండండి. బయట రంగు వేసుకోవచ్చు. లోపల, అంచు మీద, థ్రెడ్ల మీద రంగు పడకూడదు.

ఆరో మెట్టు: సెన్సర్, వైరింగ్

బిగించే ముందే సెన్సర్‌ను గేజ్‌కు కలిపి, మొనను వేడి నీళ్లలో ముంచి, పక్కన నమ్మకమైన థర్మామీటర్ పెట్టి చూడండి. 60, 80, 95 డిగ్రీల దగ్గర రెండూ ఎంత చూపుతున్నాయో రాసుకోండి. రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే గుర్తుంచుకుంటే చాలు. పది డిగ్రీలు తేడా వస్తే జత తప్పినట్టే.

ఒకే వైరు ఉండే సెన్సర్లకు ఎర్త్ తమ శరీరం ద్వారానే అందాలి. టెఫ్లాన్ టేపు మందంగా చుడితే అది దెబ్బతింటుంది, మీటరు తప్పు చూపుతుంది. ఎన్‌పీటీ థ్రెడ్‌కు ద్రవరూపపు సీలెంట్ పల్చగా, మొదటి థ్రెడ్ వదిలేసి రాయండి. మొన దగ్గర రాస్తే ఆయిల్‌లోకి రాలుతుంది. బిగించాక సెన్సర్ శరీరానికి, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య మల్టీమీటర్ పెడితే ఒక ఓం లోపు చూపాలి. ఎక్కువ చూపితే ప్యాన్ బోల్టు ఒకదాని కింద నుంచి ఛాసిస్‌కు విడిగా ఎర్త్ వైరు వేయండి. రెండు వైర్ల సెన్సర్ దొరికితే ఈ బాధే ఉండదు.

వైరును సెన్సర్ దగ్గర చిన్న వంపు ఇచ్చి వదలండి, గేర్‌బాక్స్ ఊగినప్పుడు లాగకుండా. వేడి తట్టుకునే గొట్టం తొడిగి, సైలెన్సర్ పైపుకు దూరంగా కట్టండి. గేజ్‌కు కరెంటు ఇగ్నిషన్ కీతో వచ్చే లైను నుంచి, చిన్న ఫ్యూజు ద్వారా తీసుకోండి.

ఏడో మెట్టు: బిగింపు, ఆయిల్ మట్టం

అయస్కాంతాన్ని దాని చోట పెట్టండి. లోపల ఇనుప పలక ఉన్న రబ్బరు గ్యాస్కెట్ అయితే ఏ జిగురూ రాయకుండా పొడిగా వేయండి. సిలికాన్ రాస్తే అది జారి బయటికొస్తుంది. గ్యాస్కెట్ లేకుండా సిలికాన్‌తోనే మూసే గేర్‌బాక్సులకు సన్నటి ఒకే గీత చాలు. లోపలికి పిండుకొచ్చిన ముక్క ఊడితే నేరుగా ఫిల్టర్ నోట్లోకి పోతుంది.

బోల్టులన్నీ చేత్తో ఎక్కించి, మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. ఎం6 బోల్టులకు సాధారణంగా 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు. మీ మాన్యువల్ అంకె దొరికితే అదే ప్రమాణం. ఇది మణికట్టుతో బిగించేంత బలమే, అందుకే చిన్న టార్క్ రెంచ్ వాడమంటాను.

తీసినంత ఆయిల్ కొలిచి పోయండి. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి పట్టి, లివర్‌ను ఒక్కో గేర్‌లో కొన్ని సెకన్లు ఉంచుతూ అన్నీ తిప్పండి. డిప్‌స్టిక్ ఉంటే ఆయిల్ పూర్తిగా వేడెక్కాక, ఇంజన్ తిరుగుతుండగా, మాన్యువల్ చెప్పిన గేర్‌లో మట్టం చూడండి. డిప్‌స్టిక్ లేని సీల్డ్ గేర్‌బాక్సుల్లో ఒక చెక్ ప్లగ్ ఉంటుంది. నిర్ణీత వేడి దగ్గర, చాలావాటిలో 30 నుంచి 50 డిగ్రీల మధ్య, దాన్ని తెరిస్తే ఆయిల్ సన్నటి ధారగా రావాలి. ఇన్నాళ్లూ అంచనాతో చేసిన ఆ పనిని ఇప్పుడు మీ కొత్త మీటరు చూస్తూ కచ్చితంగా చేయొచ్చు.

మీటరు ఏం చెబుతుంది

ప్యాన్‌లో కొలిచేది గేర్‌బాక్స్ మొత్తం సగటు వేడి. టార్క్ కన్వర్టర్ నుంచి కూలర్‌కు వెళ్లే పైపులో కొలిస్తే అంకె ఎక్కువగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండింటినీ పోల్చి భయపడొద్దు.

చాలా గేర్‌బాక్సులకు ప్యాన్‌లో 80 నుంచి 95 డిగ్రీలు ఆరోగ్యకరం. కొన్ని కొత్త గేర్‌బాక్సులను ఇంధనం ఆదా కోసం కావాలనే ఇంకాస్త వేడిగా నడిచేలా తయారుచేస్తారు. మెకానిక్‌లు తరతరాలుగా వాడే లెక్క ఒకటుంది. 80 డిగ్రీల పైన ప్రతి 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. ఆ లెక్కన 113 దగ్గర ఎనిమిదో వంతే మిగులుతుంది. అచ్చమైన సూత్రం కాకపోయినా దారి చూపడానికి చాలు. 110 దాటితే వేగం, బరువు తగ్గించండి. 120 దాటితే పక్కన ఆపండి. 130 చూసిన ఆయిల్‌ను వీలైనంత త్వరగా మార్చేయండి.

ఆపాక ఇంజన్ కట్టేయకండి. కడితే పంపు ఆగుతుంది, కూలర్‌లోకి ఆయిల్ పోదు, వేడి లోపలే నిలిచిపోతుంది. న్యూట్రల్ లేదా పార్క్‌లో పెట్టి, ఇంజన్‌ను మామూలు ఐడిల్ కంటే కాస్త ఎక్కువగా తిరగనిస్తే కొన్ని నిమిషాల్లో ముల్లు దిగడం కనిపిస్తుంది.

ఎత్తెక్కేటప్పుడు ముల్లును గమనిస్తే ఒక సంగతి మీకే అర్థమవుతుంది. పై గేర్‌లో ఈడ్చుకుంటూ వెళ్లినప్పుడు టార్క్ కన్వర్టర్ జారుతుంది, ఆ జారుడే వేడి. ఒక గేర్ దించితే ఇంజన్ చప్పుడు పెరుగుతుంది కానీ గేర్‌బాక్స్ చల్లబడుతుంది. ఎప్పుడూ ఎక్కువే చూపుతుంటే లోతైన ప్యాన్ కొనమని సలహాలు వస్తాయి. ఎక్కువ ఆయిల్ ఉంటే వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతే. గంట నడిచాక చేరే అంకె పెద్దగా మారదు. దాన్ని దించేది విడి కూలర్ మాత్రమే.

తర్వాతి ఆయిల్ మార్పు

మొదటి రోజు నడిపాక ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి అతుకులను, ప్లగ్‌ను పొడి గుడ్డతో తుడిచి చూడండి. ఆ తర్వాత ఆయిల్ మార్పు అంటే కింద తొట్టి పెట్టి ఒక్క ప్లగ్ విప్పడం. అయస్కాంతం మీద ఏముందో చూసి తుడవండి, కొత్త వాషర్ వేసి ప్లగ్‌ను 25 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో బిగించండి, దిగినంత పోయండి. ప్యాన్ నుంచి దిగేది మొత్తంలో మూడో వంతు నుంచి సగం వరకే, మిగతాది ఎక్కువగా టార్క్ కన్వర్టర్‌లో ఉంటుంది. కాబట్టి ఆయిల్ బాగా నల్లబడి ఉంటే కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ ఒకసారి దించండి. పాత ప్యాన్‌తో ఎవరూ ఇలా వెంటవెంటనే చేయరు. ఇప్పుడైతే అరగంట పని. ఫిల్టర్ కోసం రెండు మార్పులకు ఒకసారి ప్యాన్ దించక తప్పదు. అప్పుడు కూడా ముందు ప్లగ్ విప్పి ఖాళీ చేసుకుంటారు కాబట్టి, ప్యాన్ చేతుల్లోకి దాదాపు ఖాళీగా దిగుతుంది.